రెండేళ్ల అనుభవం

క్లయింటు వస్తున్నాడు, అందరూ తమ గురించి ఐదు వాక్యాలు రాసిమ్మన్నారు మా మేనేజర్ చలపతిరావు గారు. చదువు, టెస్టింగ్ పని, సర్టిఫికెట్లు... నాలుగు వాక్యాలు రాసేశాను. ఐదోది పాత ఉద్యోగం గురించి. అక్కడ రెండు రోజులు ఆగిపోయాను.

నా రెజ్యూమెలో ఓ కంపెనీలో రెండేళ్ల అనుభవం ఉంది. ఆ కంపెనీ మాత్రం ఎక్కడా లేదు. ఓ కన్సల్టెన్సీ వాళ్లు పెట్టిచ్చిన పేరది. ఆ రెండేళ్లూ నేను జీడిమెట్లలో ఓ మందుల ఫ్యాక్టరీలో అమ్మ పక్కన నిలబడి పెట్టెల మీద లేబుళ్లు సరిచూశాను. ఇప్పుడు ఆ పేరు రాయకపోతే హెచ్ఆర్ వాళ్లు ఎందుకని అడుగుతారు. ఉద్యోగం పోతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. పోయిందని అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?

రాసేశాను.

మర్నాడు టీమ్ పేజీలో అందరి ఫొటోలూ వచ్చాయి. నా ఫొటో కిందే మా టీమ్‌లోని రాజేందరన్న. అదే కంపెనీ, అవే రెండేళ్లు.

"అశ్వినీ! మీరిద్దరూ పాత కొలీగ్సా? ఎంత గుట్టు!" పక్క సీట్లోంచి భానుశ్రీ అరిచింది.

"భలే ఉందండీ! రేపు క్లయింటుకి ఆ కబుర్లు చెప్పండి," అన్నారు చలపతిరావు గారు.

టీ దగ్గర రాజేందరన్న నా మొహం చూడలేదు. "ఆఫీసు ఏడుండె అంటే ఏం జెప్తవ్?"

"నాకేం ఎరుకన్నా. సీనియర్‌వి, నువ్వే చెప్పు."

నవ్వబోయి ఆగాడు. "మాదాపూర్‌ల, రెండో ఫ్లోర్. లిఫ్టు ఎప్పుడూ ఖరాబే. సరేనా? మరి మన టీమ్ లీడ్ ఎవరు?"

"అనసూయ మేడం." ఠక్కున నా నోట వచ్చేసింది.

అనసూయమ్మ జీడిమెట్లలో మా లైను సూపర్‌వైజర్. తేదీ సరిగా పడని పెట్టె ఒక్కటి దొరికినా మొత్తం మళ్లీ సరిచూడమనేది. "జర నిమ్మళంగ చూడు బిడ్డా, మింగేటోళ్లు మనల్ని నమ్మిన్రు," అనేది. టెస్టింగ్‌లో నాకొచ్చిన పేరంతా ఆమె నేర్పిన పనే.

మర్నాడు క్లయింటు నన్నే అడిగాడు, ఇంత ఓపిగ్గా తప్పులు పట్టడం ఎవరు నేర్పారని. అనసూయ మేడం అన్నాను. ఆమెకో ఏసీ గది, ల్యాప్‌టాప్, మంచి ఇంగ్లిషు కూడా ఇచ్చాను. రాజేందరన్న తల వంచుకుని, "చాలా స్ట్రిక్ట్," అన్నాడు.

"ఇప్పుడావిడ ఏ కంపెనీలో ఉన్నారు?" భానుశ్రీ అడిగింది.

"తెలియదు," అన్నాను.

ముందు రోజు షిఫ్టులో అనసూయమ్మ మా అమ్మ చేతికిచ్చి పంపిన సర్వపిండి నా టిఫిన్ డబ్బాలోనే ఉంది. మధ్యాహ్నం అందరూ తింటున్నా దాని మూత తీయలేకపోయాను.