చేతులు వెనక్కి

చిన్నపిల్లల బడిలో పెద్ద టీచరుకి నోరు ఆగినా చేతులు ఆగవు. "కూర్చోండి" అంటే రెండు అరచేతులూ కిందికి దిగుతాయి. "నీళ్ళు" అంటే బొటనవేలు నోటి దగ్గరికి పోతుంది. "ఎర్ర బంతి" అంటే వేలు బంతి వైపు చూపిస్తుంది, అరచేయి బంతంత గుండ్రమవుతుంది. ఎంత పెంకి పిల్లాడైనా, ఎంత బిడియం పిల్లయినా, ఆవిడ గదిలో నాలుగు రోజులుంటే దారికొచ్చేస్తారు.

"ఆ చేతులు కట్టేస్తే మా అక్క మూగదైపోతుంది," అని పక్కగది టీచరు నవ్వేది. ఈవిడకి మోకాళ్ళ నొప్పులు. కుర్చీలోంచి లేవకుండా గొంతుతోనే గది నడిపిస్తుంది.

ఆ ఏడు పైవాళ్ళు కొత్త పని పెట్టారు. పిల్లలు పెద్దబడికి వెళ్ళేలోపు ఎవరు ఎంతవరకు ఎదిగారో కొలవాలట. పిల్లలకి పరీక్షేమీ లేదు. రోజూ చూసే టీచరే జవాబులు చెప్పాలి. పట్టుకోకుండా మెట్లు దిగుతుందా, పక్కపిల్ల ఏడిస్తే ఏం చేస్తుంది, చెప్పిన పని చేస్తుందా, జరిగింది వరుసగా చెప్పగలదా, ఇలాంటివి. బాగా వెనకబడ్డ పిల్లలకి ఎర్రచుక్క పెట్టాలి. ఇదంతా చూసుకోవడానికి ఒక అమ్మాయిని పంపించారు. టేపు లేకుండా కొలవడానికి వచ్చిందని ఆమెకి కొలతలమ్మాయి అని పేరు పెట్టారు.

ఒక్కటే నియమం. సొంత మనిషిని కొలవకూడదు. పెద్ద టీచరు కూతురి కూతురు గువ్వ ఆవిడ గదిలోనే చదువుతోంది.

"ముంజేతి కంకణానికి అద్దమెందుకమ్మా? నేను పెంచిన పిల్ల నాకు తెలీదా?" అంది పెద్ద టీచరు.

"కాకిపిల్ల కాకికి ముద్దు కదండీ. అందుకే ఆ నియమం," అని నవ్వేసింది కొలతలమ్మాయి.

గువ్వని కొన్నాళ్ళు పక్కగదికి పంపారు. చివరికి చూస్తే గువ్వకి ఎర్రచుక్క పడింది.

చుక్క పడ్డ పిల్లల్ని పెద్దబడిలో విడిగా కూర్చోబెడతారని అప్పటికే అందరూ చెప్పుకుంటున్నారు. "నీ చేతిలో పెట్టాక నాకు దిగులేంటమ్మా," అని పెద్ద టీచరు కూతురు నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్తోంది. ఇప్పుడు దానికి ఏమని చెప్పాలి? పెద్ద టీచరు గువ్వ చెయ్యి పట్టుకుని విసవిసా పక్కగదికి వెళ్ళింది. కొలతలమ్మాయి కూడా అక్కడే ఉంది.

"నా మనవరాలికి చుక్క పెట్టడానికి నీకు చెయ్యెలా వచ్చిందే?"

"ఉన్నదే పెట్టానక్కా," అంది పక్కగది టీచరు. "నీళ్ళు తాగి రమ్మంటే నా మొహం చూస్తూ నిలబడుతుంది. బొమ్మలు సర్దమంటే నవ్వుతుంది. పిలిస్తే పలకదు. నీ గదిలోంచి మార్చారని నా మీద అలిగిందేమో అనుకున్నాను."

"మాటలు కాస్త ఆలస్యం, అంతే. వాళ్ళమ్మా అంతే, మూడేళ్ళదాకా నోరు విప్పలేదు. అయినా కుర్చీలోంచి లేవనిదానివి, నువ్వు పిల్లల్ని తూచేదానివా?"

"నా మోకాళ్ళని ఎందుకక్కా మధ్యలోకి లాగుతావు?"

"ఉండు, చూపిస్తాను." పెద్ద టీచరు గువ్వ వైపు తిరిగింది. "గువ్వా, ఎర్ర బంతి తెచ్చి బుట్టలో వెయ్యి." వేలు చూపించింది, అరచేయి గుండ్రమైంది, బుట్ట వైపు వంగింది. గువ్వ చెంగుచెంగున వెళ్ళి బంతి తెచ్చి బుట్టలో వేసింది.

"చూశారుగా. ఇదా చుక్క పెట్టాల్సిన పిల్ల?"

కొలతలమ్మాయి నవ్వలేదు. పిల్లని కాదు, పెద్ద టీచరు చేతుల్ని చూస్తోంది.

"టీచరుగారూ, మరోసారి చెప్పండి. ఈసారి చేతులు వెనక్కి పెట్టుకుని."

"ఏం, నేనేమన్నా దొంగనా?" అంటూనే ఆవిడ చేతులు రెండూ నడుం వెనక్కి పెట్టుకుంది. అలా నిలబడితే తనకే ఎలాగో అనిపించింది. "గువ్వా, నీలం బంతి తీసుకెళ్ళి కిటికీలో పెట్టు."

గువ్వ ఆవిడ మొహం చూసింది. భుజాలు చూసింది. మోచేతుల దగ్గర చూపు ఆగిపోయింది. తర్వాత మెల్లగా నడుచుకుంటూ అమ్మమ్మ వెనక్కి వెళ్ళింది. ముడుచుకున్న పిడికిలి పట్టుకుని ఒక్కొక్క వేలే విప్పసాగింది. అందులో ఏదో దాచిపెట్టారన్నట్టు, అది దొరికితే తను చెయ్యాల్సిందేమిటో తెలుస్తుందన్నట్టు.



"గువ్వా," అని పిలిచింది పక్కగది టీచరు, కుర్చీలోంచే. ఆ గొంతుకి బొమ్మలాడుకుంటున్న పిల్లలందరూ తలలు తిప్పారు. గువ్వ తిప్పలేదు. అమ్మమ్మ చిటికెనవేలు విప్పుతోంది.

"అక్కా, పిల్లకి సరిగ్గా వినపడట్లేదే," అంది పక్కగది టీచరు. ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా ఉంది.

పెద్ద టీచరుకి ఒక్కొక్కటే గుర్తొచ్చింది. ఇంట్లో గువ్వని నిద్ర లేపాలంటే భుజం తడుతుంది. అన్నానికి పిలవాలంటే పళ్ళెం ఎత్తి చూపిస్తుంది. వెనకనుంచి పిలిస్తే పలకనప్పుడల్లా ఆటలో పడిందనుకుని ముద్దు చేసింది. ఎంత ఒద్దికైన పిల్లో, ఒక్కసారి చెబితే చాలు అని వీధి వీధంతా చెప్పుకుంది. ఊళ్ళో పిల్లలందరినీ దారిలో పెట్టిన ఈ చేతులే ఇంట్లో పిల్ల చెవుల్ని కప్పేశాయి. దీపం కింద చీకటి అని ఎందరికో చెప్పిన మనిషి, ఆ దీపం తనేనని ఎన్నడూ అనుకోలేదు.

"చుక్క తీసెయ్యమంటారా?" కొలతలమ్మాయి మెల్లగా అడిగింది. "తీసేస్తే మళ్ళీ ఎవరూ అడగరు. ఉంచితే ముందు చెవి డాక్టరుకి పంపిస్తారు."

చుక్క తీయించడానికే వచ్చింది ఆవిడ. దులిపెయ్యడానికి మాటలు కూడా కూర్చుకుంది. అందులో ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఉండనీ అమ్మా," అంది. "వాళ్ళమ్మకి నేను చెప్పుకుంటాను. ఆ చుక్క ఉండనీ."

చేతులు రెండూ గువ్వ పట్టుకుని ఉంది. అందుకని మాట ఒక్కటే బయటికి వచ్చింది. గువ్వ తలెత్తి చూడలేదు.