మూత కొరికిన పెన్ను

నేను ఒక పెన్నును. బడాయి పోవడానికి నాలో ఏమీ లేదు. నీలం ఒళ్లు, నీలం సిరా, మూత మీద పంటిగాట్లు. ఫ్యాక్టరీలో నాతోపాటు ఒక్క పూటలోనే వేలమంది పుట్టాం. ఆ గుంపులో కలిపేసినా నన్ను నేను గుర్తుపట్టుకోగలను, ఆ గాట్ల వల్ల. వాటి సంగతే చెప్పాలి. ఒక మనిషి బతుకు వాటి దగ్గరే ఆగిపోయింది.

నన్ను కొన్నది గవరయ్య మాస్టారు. విజయనగరం పక్కన ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆలోచనలో పడితే చాలు, నా మూత నోట్లోకి వెళ్లేది. పిల్లల పేపర్లు ఎర్ర పెన్నుతో దిద్దుతూ, ఎడం చేత్తో నన్ను పట్టుకుని కొరికేవారు. పని దానిది, పళ్లు నాకు. అయినా నాకు ఆయనంటే ఇష్టమే. ఎవరినీ గట్టిగా కసిరి ఎరగని మనిషి.

ఒక ఏడాది ఆఫీసర్ల ఎంపిక పరీక్షకు ఆయనకు ఇన్విజిలేషన్ పడింది. ఆయన గదిలో కిటికీ పక్క బెంచీలో లోలాక్షి కూర్చుంది. నాన్న జూట్ మిల్లులో బేళ్లు మోసేవాడు. మిల్లు మూతపడ్డాక ఇంటిని ఆమె ట్యూషన్లే నడిపాయి. పొద్దున పిల్లలకు చెప్పడం, మధ్యాహ్నం లైబ్రరీలో చదవడం, అలా తొమ్మిదేళ్లు. వయసు హద్దు ఆ ఏడాదితో దాటిపోతుంది కాబట్టి అదే ఆఖరి పరీక్ష.

పద్నాలుగో పేజీలో ఆమె నల్ల పెన్ను మొరాయించింది. విదిలించింది, అరచేతికి రుద్దింది, నోటితో ఊదింది. రెండో పెన్ను తెచ్చుకుంది గానీ, పొద్దున గేటు దగ్గర ఏడుపు మొహంతో నిలబడ్డ ముక్కూ మొహం తెలియని పిల్లకు ఇచ్చేసింది. మాస్టారు చూసి దగ్గరికొచ్చి, జేబులోంచి నన్ను తీసి ఇచ్చారు.

పరీక్షలో సిరా మారితే ఇన్విజిలేటరు ఆ పేజీ అంచున సంతకం చెయ్యాలి, గది రిపోర్టులో రాయాలి. లోలాక్షికి అది తెలుసు. పేపరు ఆయన వైపు తిప్పింది.

"సంతకం పెట్టండి మాస్టారూ."

"ముందు రాసీమ్మా, టైమైపోతంది. ఆ సంగతి నాను చూసుకుంటాను."

రాసింది. నేను అంత వేగంగా ఎప్పుడూ పరుగెత్తలేదు. గంట కొట్టేసరికి ఆఖరి వాక్యానికి చుక్క పెట్టాం. ఆ వెంటనే పేపర్లు లాక్కోవడం, లెక్కచూడడం, దారంతో కట్టలు కట్టడం. ఆ హడావుడిలో మాస్టారు సంతకం మరిచిపోయారు. నేను ఆమె చేతిలోనే ఉండిపోయాను.

ఫలితాలొచ్చాయి. లోలాక్షి డిప్యూటీ తహసీల్దారు అయింది. ఆ వారమే మాడుగుల హల్వా పొట్లంతో మాస్టారి బడికి వెళ్లింది.

"ఇదిగోండి మీ పెన్ను. ఆవేళ తొందర్లో పట్టుకుపోనాను."

ఆయన నన్ను తిప్పి చూసి, గాట్లు చూసి పకపకా నవ్వారు. "నా పళ్లే ఇవి. ఉంచీసుకోమ్మా, నీకు కలిసొచ్చింది. నువ్వు సంతకాలు పెడతంటే నా పెన్నేనని చెప్పుకుంటాను."

ఆమె మొదటి సంతకం నాతోనే పెట్టింది. పదకొండు నెలలు ఆమె టేబులు మీద దర్జాగా బతికాను. అంత సుఖం నాకు మళ్లీ రాలేదు.

తర్వాత కోర్టు మొదలైంది. ఎంపిక కానివాళ్లు కొందరు హైకోర్టుకు వెళ్లారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. అండదండలున్నవాళ్లు పేపర్లలో పేజీలు ఖాళీగా వదిలి లేచిపోయారు. తర్వాత ఎవరో తీరిగ్గా కూర్చుని వాటిని నింపారు. దొంగల్ని పట్టాల్సిందే, కాదనను. పట్టడానికి ఎంచుకున్న పద్ధతే నా కొంప ముంచింది. రెండు సిరాలుండి, పక్కన సంతకం లేని పేపరల్లా దొంగ పేపరే అన్నారు. అలాంటివి నలభై రెండు తేలాయి. అందులో ఒకటి లోలాక్షిది.

కోర్టు ఆదేశం మీద రిటైరైన జడ్జి ఒకాయన విచారణకు కూర్చున్నారు. లోలాక్షి కంగారు పడలేదు. నన్ను తీసుకెళ్లి ఆయన ముందు పెట్టింది.

"మాస్టార్ని పిలిపించండి సార్. ఆయన చెప్తారు. చెప్పకేటి?"

మాస్టారు వచ్చారు. రిటైర్మెంటుకు ఇంకా అయిదు నెలలుంది. పెన్ను ఇచ్చి రిపోర్టులో రాయలేదని ఒప్పుకుంటే సస్పెన్షను ఖాయం, పెన్షను ఎప్పటికొస్తుందో దేవుడికే తెలియాలని తోటివాళ్లు ఎవరో ఎక్కించి పంపారు. కుర్చీలో కూర్చున్నారు గానీ ఆమె వైపు చూడలేదు.

"ఈ పెన్ను మీదేనా?" అని జడ్జి అడిగారు.

మాస్టారు నన్ను చూశారు. 'చెప్పండి మాస్టారూ, రెండు ముక్కలే కదా' అని నేను లోలోపల గింజుకున్నాను.

"గుర్తు నేదండి."

"ఈ అమ్మాయి మీ దగ్గరికి వచ్చిందా?"

"శానామంది వస్తుంటారండి. గుర్తు నేదు."

లోలాక్షి లేచి నిలబడింది. "హల్వా తెచ్చాను కదండీ మాస్టారూ," అంది. అంతే. కూర్చోమన్నారు, కూర్చుంది.

వాంగ్మూలం కింద సంతకం పెట్టమని మాస్టారికి వేరే పెన్నిచ్చారు. కాగితం చదువుకుంటూ ఆయన దాని మూత కొరికారు. అలవాటు మనిషిని దాచనివ్వదు. లోలాక్షి చూసింది. తన లాయరు చెయ్యి పట్టుకు లాగి చూపించింది. లాయరు లేచి ఆ మాట చెబితే అవతలి లాయరు నవ్వేశారు. "పెన్ను మూత కొరకని మాస్టారు రాష్ట్రంలో ఎవరున్నారండీ?" అందరూ నవ్వారు. జడ్జి కూడా కొంచెం నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె ఉద్యోగం పోయింది.

నలభై రెండు మంది నియామకాలు రద్దు. ఇంకోసారి పరీక్ష రాద్దామంటే వయసు దాటిపోయింది. నేను ఒక కవరులో, కవరు ఒక కట్టలో, ఆ కట్ట విజయనగరంలో రికార్డుల గదిలో. వచ్చి తీసుకెళ్లమని లోలాక్షికి ఉత్తరం రాశారు. ఆమె రాలేదు. నా మొహం చూడబుద్ధి కాలేదేమో. ఆమెను తప్పుపట్టను.

రెండేళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం గవరయ్య మాస్టారు ఆ గదికి వచ్చారు. జుట్టంతా తెల్లబడింది. "ఆ పెన్నొకసారి చూపించు బాబూ" అని గుమస్తాను బతిమాలారు. కేసు ముగిసిందే కదా అని గుమస్తా కవరు విప్పి నన్ను ఆయన చేతిలో పెట్టాడు. మాస్టారు ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, నాతోనే రాశారు. 'ఈ పెన్ను నాది. ఆ రోజు లోలాక్షికి నేనే ఇచ్చాను.' కింద సంతకం చేశారు, ఆవేళ ఆ పేజీ అంచున చెయ్యాల్సిన సంతకం.

"ఇప్పుడేం లాభం మాస్టారూ?" అన్నాడు గుమస్తా. "ఆవిడ ఎదురుగా జిరాక్స్ షాపులోనే ఉంది. జనాలకు అప్లికేషన్లు నింపి పెడతాది. పట్టుకెళ్లి మీరే ఇవ్వండి."

మాస్టారు నన్ను టేబులు మీద పెట్టి, కాగితం పట్టుకుని వెళ్లారు. గుమస్తా నన్ను చెవి వెనక దోపుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. అలా నేనూ చూశాను. షాపు ముందు వరసలో నలుగురున్నారు. లోలాక్షి తల వంచుకుని రాస్తోంది. మాస్టారు అయిదోవాడిగా నిలబడ్డారు. నలుగురూ వెళ్లిపోయారు. ఆమె తల ఎత్తకుండానే కొత్త ఫారం ముందుకు లాక్కుని, ఏదో అడిగింది. ఏం అడుగుతుంది, పేరు చెప్పమని అడిగి ఉంటుంది.

మాస్టారు పేరు చెప్పలేకపోయారు. వెనక్కి వచ్చేశారు.

"ఇది ఇక్కడే ఉండనియ్ బాబూ" అని కాగితాన్ని మడిచి నా కవరులో పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయారు.

గుమస్తా నన్నూ ఆ కవరులోకే జార్చేశాడు. ఆ కాగితం ఇప్పుడు నాకు దుప్పటిలా ఉంది. ఒక్క రోడ్డు దాటితే ఆమె షాపు. నాలో ఇంకా సిరా ఉంది.