ముప్పై ఆరు చుట్లు

చేనేత సంఘంవాళ్లు కోమల పేరు మీద పడుగు ఇవ్వడం అదే మొదటిసారి. నారాయణపేటలోని ఆ ఇంట్లో పదకొండేళ్లుగా మగ్గం నేస్తున్నది ఆమే. సంఘం కార్డు మీద పేరు మాత్రం భర్త అంజయ్యది. ఈసారి ఎనిమిది చీరలకు సరిపడా నిలువు పోగుల పడుగు, గంజి పెట్టి కర్రకు చుట్టి, ఆమెతోనే సంతకం చేయించుకుని ఇచ్చారు. ఇది బాగా నేస్తే వచ్చే పడుగూ ఆమె పేరునే వస్తుంది. పాడైతే మళ్లీ అంజయ్య పేరే.

మూడో రోజు చూసేసరికి మగ్గానికి ఎక్కించిన చుట్ట అంచున నాలుగు పోగులు కొరికి ఉన్నాయి. గంజి రుచి మరిగిన ఎలుక. కోమల పోగులు అతికి, రెండు రోజులు దాన్ని కనిపెట్టి చూసింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చోగానే జొన్న సంచి వెనక నుంచి వస్తుంది. గోడ వెంబడే నడుస్తుంది. గంజి కుండ దగ్గర ఆగి మీసాలు తుడుచుకుంటుంది. ఆ తర్వాతే మగ్గం ఎక్కుతుంది.

"నా తుపాకి ఉండంగ ఫికర్ ఎందుకు వదినె?" అన్నాడు మరిది నరేశ్. ఇరవై ఆరేళ్లవాడు. హైదరాబాదు నుంచి ఎయిర్‌గన్ కొని తెచ్చుకున్నాడు. గొట్టం కిందికి వంచితే లోపలి స్ప్రింగు బిగుసుకుంటుంది, మీట నొక్కితే సీసపు గుండు ఎగిరిపోతుంది. పెరట్లో రేకు డబ్బాలను కొడుతుంటే కోమల గిన్నెలు తోముతూ చూసేది. గట్టిగా బిగించి పట్టుకున్నప్పుడల్లా తుపాకి ఎగిరి గుండు పక్కకు పోయేది. వదులుగా పట్టుకుంటేనే డబ్బా పడేది. ఆ సంగతి వాడికి ఇంకా తెలిసినట్టు లేదు.

"కుండకాడ ఆగుతది, అప్పుడు గొట్టు. ఎనక మట్టిగోడ ఉంది, తప్పినా గుండు గోడల దిగుతది. మగ్గం ఎక్కినంక మాత్రం గొట్టకు" అంది.

"తుపాకి సంగతి నీకేం ఎరుక వదినె! నువ్వు మగ్గంల నాడె చూస్కో పో."

మధ్యాహ్నం ఎలుక వచ్చింది. కుండ దగ్గర ఆగింది. నరేశ్ కొట్టలేదు. కిటికీ వెలుతురు పడుగు మీద పడుతోంది, సెల్లు అటే తిప్పి పెట్టుకున్నాడు. వీడియోలో ఎలుక బాగా కనబడాలి. అది చుట్ట ఎక్కి కూర్చునేదాకా ఆగి, పళ్లు బిగించి, తుపాకి బిగించి పేల్చాడు.

ఎలుక దూకి పారిపోయింది. పడుగు చుట్ట నడుమ శనగగింజంత బొక్క.

"అరె, జర్రంతల తప్పింది!" అని నవ్వాడు నరేశ్.

కోమల బొక్కలో వేలు పెట్టింది. గోరు పూర్తిగా మునిగింది. ఎలుక కొరికితే పైచుట్టు పోగులే పోతాయి. గుండు అట్లా కాదు, ఎన్ని చుట్లు లోపలికి దిగితే అన్ని చోట్ల తెంపుకుంటూ పోతుంది.

"చిన్న బొక్కనే కదనే" అన్నాడు అంజయ్య, పళ్లెం దగ్గర నుంచి లేవకుండానే.

"చిన్న బొక్కనా? నీ పేరు మీది పడుగైతే గట్లనే అందువా?"

అంజయ్య ముద్ద కలుపుతూ తల దించుకున్నాడు.

"ఏదో ఖుషీల గొట్టిండు పిలగాడు. గింతదానికి లొల్లెందుకే? మెల్లగ జెప్పరాదు?" అంది అత్త అండాలు.

"మెల్లగనే జెప్పిన అత్తమ్మా. ఎవరన్న ఇన్నరా?"

ఆ ఇంట్లో కోమల గొంతు అంత పైకి లేవడం అదివరకు ఎవరూ వినలేదు. నరేశ్ చేతిలోంచి తుపాకి లాక్కుంది.

మరునాడు మధ్యాహ్నం పడుగు మీద దుప్పటి కప్పి, అన్నం తినకుండా గోడకు ఆనుకుని కూర్చుంది. మోకాలి మీద ఆనించి గొట్టం వంచడానికి రెండు చేతులూ కావలసి వచ్చాయి. పడుగులో అటూ ఇటూ విసిరే నాడె పట్టినంత తేలికగా తుపాకి పట్టుకుంది. ఎలుక వచ్చింది. గోడ వెంట నడిచింది. కుండ దగ్గర ఆగి మీసాలు తుడుచుకుంది.

టప్‌మంది. ఎలుక అక్కడే ఒరిగింది. గుండు మట్టిగోడలో దిగింది. కోమల ఎలుకను తోక పట్టుకుని తీసుకెళ్లి, సెల్లు చూసుకుంటున్న నరేశ్ ముందు పడేసింది.

"వీడియో తీస్కో. తీసినంక బయటికి రా."

అంజయ్య సాయంతో కర్ర దించి, పడుగును గుమ్మం దాటించి వీధి పొడుగునా విప్పింది. మూరకో బొక్క. ఒక్కో బొక్క దగ్గర పది పన్నెండు పోగులు తెగి ఉన్నాయి. ముప్పై ఆరో చుట్టులోంచి నలిగిన సీసపు గుండు కింద రాలింది. దాన్ని తీసి నరేశ్ అరచేతిలో పెట్టింది.

"కూసో. అన్ని నువ్వే అతుకు."

"గిన్ని పోగులా? నాతోని గాదు వదినె. దోస్తులు జూస్తుండ్రు."

"చూడనీ. డబ్బాలు గొడ్తే చూడలేదా?"

నరేశ్ కూర్చున్నాడు. మగ్గం నేసే సాలోళ్ల ఇంట పుట్టినవాడే, పోగు అతకడం చిన్నప్పుడే నేర్చినవాడే. ఎదురింటి నర్సింగమ్మ అరుగు మీదికి వచ్చి నిలబడింది. మూలమలుపులో దోస్తులు కిసుక్కుమన్నారు. మొదటి బొక్క ముగించి వాడు రెండోదానికి జరగబోయాడు. కోమల వంగి, వాడు అతికిన పోగుల్ని ఒక్కొక్కటే వేలితో మీటింది. మూడోది విడిపోయింది.

"ఊడింది" అంది. "మళ్ల అతుకు."