కాపీయే కదా!

"కాపీయే కదా, దానికింత సేపా?" అన్నాడు చంద్రరావు తువ్వాలుతో తల తుడుచుకుంటూ. నిన్న మధ్యలో ఆగిపోయిన కాపీని భార్య పొద్దున్నే మళ్ళీ మొదలుపెట్టడంతో అతనికి పెసరట్టు ఆలస్యమైంది. అదీ సంగతి.

సూర్యకళ అట్టు తిరగేస్తూనే చెవి మాత్రం ముందుగదిలో కంప్యూటర్ మీద పెట్టింది. టిక్... టిక్... కాసేపు ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ టిక్. వినాయక చవితి వెళ్ళినప్పటి నుంచీ లోపల హార్డ్ డిస్కు అలా కొట్టుకుంటోంది. ఇంట్లో ఇంతమంది తిరుగుతున్నా ఆ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. వంటింట్లో కుక్కరు కూత ఒకటి ఎక్కువైతే మాత్రం వీధి అరుగు మీంచి కూడా వినిపిస్తుంది వాళ్ళకి!

కడియంలో వాళ్ళది పెద్ద నర్సరీ. కంప్యూటర్ కొన్న కొత్తలో చంద్రరావు దాని ముందు ఫొటో దిగాడు, అంతే. తర్వాత దాన్ని ముట్టుకున్నది సూర్యకళే. తోటలో ఉన్న ప్రతి మొక్కకీ ఎండలో నిలబడి ఫొటో తీసింది. దాన్ని మనవాళ్ళేమంటారు, పూణే పార్టీ ఏమంటాడు, ఏ నేలకి ఓర్చుకుంటుంది, లారీ ఎక్కితే ఏది వాడిపోతుంది, ఏ అంటు ఏ తల్లిచెట్టుది, అన్నీ అందులో పెట్టింది. పార్టీలు ఫోన్ చేసి "సార్ లేరా మేడమ్?" అంటారు. లేరంటే విసుక్కుంటారు. అడిగినదానికి ఆవిడే పొయ్యి దగ్గర నుంచి జవాబు చెప్తే, విని, "సార్‌కి థాంక్స్ చెప్పండి" అని పెట్టేస్తారు. సార్‌కి ఆవిడ థాంక్స్ చెప్పేది కూడా. ఎంత వెర్రితనం!

ప్రతి శుక్రవారం భోజనాలయ్యాక ఆ కంప్యూటర్‌కి బ్యాకప్ తీస్తుంది. ఫైళ్ళొక్కటే కాదు, డిస్కు మొత్తాన్నీ, విండోస్‌తో సహా, ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి దింపుతుంది. ఎందుకంటే నర్సరీ లెక్కల ప్రోగ్రాం రాసిచ్చిన మనిషి ఎటు పోయాడో తెలీదు, దాని సీడీ ఎలకలు కొరికేశాయి. కంప్యూటర్ పోతే ఆ ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించే దిక్కు లేదు. ఇంత పనికి ఇంట్లోవాళ్ళు పెట్టిన పేరు కాపీ. అత్తగారు మాణిక్యాంబ అయితే, "మధ్యాహ్నం పూట ఆ పెట్టె ముందు కూచుని కునుకు తీస్తుందమ్మా మా కోడలు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్తుంది.

అట్టు తింటూ చంద్రరావు నెమ్మదిగా అన్నాడు. "ఇదిగో, ఆ కాపీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఏదో మెయిలు పెట్టారన్నావు కదా. పాతదే అప్‌గ్రేడ్ చెయ్యాలో, వేరేది కొనాలో నువ్వే చూసి చెప్పు. దసరా వెళ్ళగానే తమ్ముడు రాజమండ్రిలో ఆఫీసు తెరుస్తున్నాడు. కొత్త కంప్యూటర్లు, ఆపరేటరు, అన్నీ అక్కడే. ఇక నీకీ గొడవ ఉండదు. హాయిగా ఇల్లు చూసుకో."

చంద్రరావు గొంతు పెంచే మనిషి కాదు. పెళ్ళయ్యాక సూర్యకళ టీచరుద్యోగం మాన్పించినప్పుడు కూడా ఇలాగే, చట్నీ వేసుకుంటూ, హాయిగా అన్నాడు. ఆ 'హాయిగా' అన్న మాట వింటే ఇప్పటికీ ఆమెకి ఆ మానేసిన బడి గుర్తొస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆమె రెండింటి గురించీ చదవడానికి కూర్చుంది. మరిది పల్లంరాజుకీ, మొగుడికీ ఇంగ్లీషులో అంత పొడుగు చదివే ఓపిక లేదు కాబట్టే ఈ పని తన మీద పడింది, అంతేగానీ గౌరవమేమీ కాదని ఆమెకి తెలుసు. చదివేకొద్దీ తేడా తెలిసింది. పాతది అప్‌గ్రేడ్ చేస్తే ఈ ఎనిమిదేళ్ళ కాపీలన్నీ తెరుచుకుంటాయి. కానీ దాని కాపీని మళ్ళీ ఇలాంటి మిషను మీదే ఎక్కించాలి. వేరే మిషను మీద లేవదు. కొత్త కంపెనీది అలా కాదు. ఈ డిస్కులో ఉన్నదాన్ని తీసుకెళ్ళి ఏ మిషను మీద పెట్టినా బతుకుతుంది, వేరే వేరు మీద మన కొమ్మని అంటు కట్టినట్టు. అంటే ఏమిటి? అప్‌గ్రేడ్ చాలండీ అని తను ఒక్క మాటంటే ఈ పని ఈ ముందుగదిలోనే, ఈ పాత పెట్టెలోనే, తనతోనే ఉండిపోతుంది. రాజమండ్రి ఆఫీసుకి ఏది కావాలన్నా ఇక్కడికే ఫోన్ చెయ్యాలి. తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు గనక కాదనడానికి? అదే కొత్తది కొనమంటే, తను కూర్చున్న కొమ్మని తనే నరుక్కున్నట్టు. ఇంకెవరో కుర్రాడు రాజమండ్రిలో ఏసీలో కూర్చుని తను ఎండలో నిలబడి కూర్చినదంతా మీట నొక్కి తెరుస్తాడు. సరే, పాతదే అందాం అనుకుంది. గట్టిగానే అనుకుంది. అప్పుడు మళ్ళీ టిక్ మంది. ఈ పెట్టె ఎన్నాళ్ళు? ఇలాంటి మిషను ఇప్పుడెక్కడా దొరకదు. ఇది చచ్చిపోతే పాత కాపీలన్నీ తాళంచెవి పోయిన బీరువాలే. తన కుర్చీ దక్కించుకోడానికి తను చేసినదంతా చంపుకోవాలా? దేవుడా, ఇదేం పరీక్ష!

ఆలోచన తెగక తోటలోకి నడిచింది. అంట్లు కట్టే సత్యకుమారి పెద్ద సపోటా చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పక్కన ఇద్దరు గొడ్డళ్ళతో ఉన్నారు.

"తల్లిని కొట్టెయ్యమన్నారండి అమ్మగారూ," అంది సత్యకుమారి. "దీని అంట్లు ఎన్ని ఊళ్ళెళ్ళాయోనండి. పాపం కదండీ?"

లారీ తిప్పడానికి చోటు కావాలట. చంద్రరావు అటుగా వస్తూ విన్నాడు. "అంట్లు కట్టేసుకున్నాం కదా, ఇంకెందుకది? చోటు దండగ," అన్నాడు మామూలుగా. ఆ మాట అంటూ అతను చెట్టువైపు కాదు, ఆమెవైపు చూశాడని సూర్యకళకి అనిపించింది. భ్రమేమో. అయినా మొదటి గొడ్డలి దెబ్బ పడగానే ఆమె వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి, "కొత్తది కొనండి," అని చెప్పింది.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చాక శుక్రవారం మధ్యాహ్నం అందరూ నడుం వాల్చినప్పుడు తలుపు దగ్గరగా వేసి కూర్చుంది. డిస్కు మొత్తం నెమ్మదిగా ఎక్కుతోంది. మధ్యలో టిక్కుమని ఆగినప్పుడల్లా తెర మీద అంకె మళ్ళీ కదిలేదాకా చూసింది. ఎక్కాక సరిగ్గా ఉందో లేదో సరిచూసింది, మళ్ళీ చూసింది. అప్పుడు తెర మీద చిన్న గడి ఒకటి వచ్చింది. ఈ కాపీకి పాస్‌వర్డ్ పెడతారా అని అడిగింది. పాతది ఎప్పుడూ ఇలా అడగలేదు. అసలు ఈ ఇంట్లో ఆమెని ఎవరూ ఏదీ పెడతావా అని అడగలేదు, పెట్టు అనడమే. కాసేపు ఆ గడివైపు చూసింది. ఒక మాట కొట్టింది. మర్చిపోయే మాట కాదు. సరిచూడమంటే మళ్ళీ అదే కొట్టి, పాస్‌వర్డ్ లేని పాత కాపీలన్నీ తుడిచేసింది.

దసరాకి ఆయుధపూజ. ఏటా ట్రాక్టరు, మందుకొట్టే మిషన్లు, అంటుకత్తులు అన్నీ కడిగి వరండాలో వరసగా పెడతారు. కంప్యూటర్‌కి కూడా బొట్టు పెట్టాలని మాణిక్యాంబ పట్టు. సూర్యకళ ఏటా కీబోర్డు ఒక్కటీ తెచ్చి పీట మీద పెట్టి, ఇదేనండి అత్తయ్యా కంప్యూటరంటే, అని గట్టెక్కించేది. ఈసారి చంద్రరావు తనే సీపీయూని ఎత్తుకొచ్చాడు. దుమ్ము దులపాలని పక్కరేకు ఊడదీసి, మళ్ళీ బిగించలేదు.

"కొత్త ఆఫీసుకెళ్ళే లక్ష్మి. దీనికి ఘనంగా చెయ్యాలి," అంది మాణిక్యాంబ. పసుపు రాసింది, బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టి ట్రాక్టరు మీద పోసినట్టే నీళ్ళెత్తింది.

"అత్తయ్యా, దాని మీద వద్దండి," అంది సూర్యకళ.

"అమ్మవారి ముందు వద్దు అనకూడదు. నోరు కడుక్కో!"

సూర్యకళ మొగుడివైపు చూసింది. అతను అప్పటికే ప్లగ్గు పెడుతున్నాడు, శుభమా అని హారతి వేళకి ఒకసారి ఆన్ చేద్దామని. ఆమె రెండోసారి అనలేదు. అది తప్పో ఒప్పో ఆమెకి ఇప్పటికీ తెలీదు. నీళ్ళు పడ్డాయి, మీట పడింది, చిటుక్కుమంది. కాలిన వాసన సాంబ్రాణిలో కలిసిపోయింది. ఇన్నాళ్ళుగా కొట్టుకుంటున్న ఆ టిక్ టిక్ ఆగిపోయింది.

అందరి తలలూ ఒక్కసారి ఆమెవైపు తిరిగాయి. "కాపీ తీశావు కదా?" అన్నాడు చంద్రరావు. మొదటిసారి అతని గొంతు హెచ్చింది.

"తీశానండి."

మర్నాడు పొద్దున్నే పల్లంరాజు రాజమండ్రి నుంచి కొత్త కంప్యూటర్ పట్టుకొచ్చి ముందుగదిలో పెట్టి, కాపీ ఉన్న డిస్కు తగిలించాడు. తెర మీద చిన్న గడి వచ్చింది. "వదినా, పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏంటది?"

"నేనే కొడతాను," అంది సూర్యకళ. "ఇక్కడ కాదు. రాజమండ్రి ఆఫీసులో, ఆ ఆపరేటరు కుర్చీలో కూచుని. ఆ కుర్చీ నాది, జీతమూ నాకే. సరేనంటే ఇప్పుడే బయల్దేరదాం."

మాణిక్యాంబ నోటి మీద చెయ్యి వేసుకుంది. చంద్రరావు నెమ్మదిగా నవ్వాడు. "ఇదిగో, పండగపూట పిచ్చి మాటలేంటి? వెళ్ళి టిఫిను సంగతి చూడు. ఇంట్లో పాస్‌వర్డుగా పెట్టే మాటలు మనకి తెలియనివా? కనుక్కోడం ఎంతసేపు?" అంటూ కుర్చీ లాక్కున్నాడు.

సూర్యకళ టిఫిను సంగతి చూడలేదు. తన ఒక్కదానికే కాఫీ కలుపుకుని, తెచ్చి అరుగు మీద కూర్చుంది. కిటికీలోంచి అన్నదమ్ముల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. నర్సరీ పేరు కొట్టారు. కాదంది. చంద్రరావు తన పేరు కొట్టుకున్నాడు, ఇంటిపేరుతోనూ, లేకుండానూ. కాదంది. పోయిన మామగారి పేరు, అత్తగారి పేరు, ద్రాక్షారామం భీమేశ్వరస్వామి పేరు, పల్లంరాజు కూతురి పేరు, ఆఖరికి చచ్చిపోయిన కుక్క పేరు కూడా కొట్టారు. అన్నిటికీ కాదంది. "ఇంకెవరున్నారన్నయ్యా మనింట్లో?" అని విసుగ్గా అడిగాడు పల్లంరాజు. "ఇంకెవరూ లేరు," అన్నాడు చంద్రరావు.

సూర్యకళ కాఫీ గ్లాసు కింద పెట్టి, లోపలికెళ్ళి బట్టలపెట్టె సర్దుకోవడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఆమె పేరు కొట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు.