మిగిలిన ముప్పై ఐదు

పింఛను ఆఫీసు కిటికీ ముందు పాత సిపాయి, బాగున్న ఆ ఒక్క కాలే దువ్వుతూ గుమాస్తాతో కయ్యానికి దిగాడు. సైన్యంలో చితికిన మోకాలికి యాభై శాతం వైకల్యం రాశారు, ఫిరంగి మోతకి మందగించిన ఎడమ చెవికి ముప్పై.

"యాభై, ముప్పై కలిస్తే ఎనభై కదయ్యా! అరవై ఐదని వేశావేంటి?"

"అలా కూడకూడదు బాబాయ్. మోకాలు మీలో సగం తీసుకుపోతే మిగిలింది యాభై. చెవి వాటా ఆ యాభైలోనే ముప్పై శాతం, అంటే పదిహేను. మొత్తం అరవై ఐదు. భత్యం దాన్ని బట్టే."

పక్కనున్న భార్య అందుకుంది. "అయితే ఈయనలో ముప్పై ఐదు శాతం భేషుగ్గా ఉందన్నమాట! ఇంట్లో పని చెబితే అదెక్కడ దాక్కుంటుందో!"

సిపాయి మూతి ముడుచుకుని మెట్లు దిగసాగాడు. తిట్లు సూటిగా చేరాలని ఎప్పుడూ అతని కుడివైపే నడిచే మనిషి, ఇవాళ ఎడమవైపుకి వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

"ఆ ముప్పై ఐదే నాకు వందమంది పెట్టు," అని గొణిగింది.

"ఏమన్నావ్?"

"మెట్టు చూసుకోమన్నాను."

సిపాయి మీసాల్లో నవ్వుకున్నాడు. చెవిలో పోయింది ముప్పై శాతమే. ఆవిడ గొణిగిన మాట మాత్రం నూటికి నూరుపాళ్లూ వినబడింది.