ఆరిందన్న మాట

సీతాలు మేకలు రెండూ ఇంటి వెనక గోతిలో చచ్చి పడున్నాయి. ఒంటి మీద గాటు లేదు, నోట నురగ లేదు. పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. పశువుల డాక్టరు గాజువాక నుంచి బయల్దేరానని ఫోన్ చేశాడు. ఆయన కంటే ముందు కంపెనీ జేసీబీ వచ్చింది.

"పాసిపోయిన కూడు తినుంటాయి. కప్పెట్టీయండి," అన్నాడు కొండలరావు. కంపెనీకి కూలీల్ని పెట్టేదీ, ఊరికి సమాధానం చెప్పేదీ అతనే.

"డాక్టరుబాబుని సూడనీ," అంది సీతాలు గోతికి అడ్డం నిలబడి.

"సూసి బతికిత్తాడేటి?"

గెడ్డవీధి వీధంతా చూస్తూ నిలబడింది. రోజారమణీ నిలబడింది. ఆమె మొగుడు కామరాజు కంపెనీ పంపుల దగ్గర కూలీ, ఏమని నోరెత్తుతుంది? గోతిలో మట్టి పడింది.

ఆ కంపెనీ ఫ్యాక్టరీల పొగలోంచి బొగ్గుపులుసు గాలిని పట్టి, అదిమి, భూమి అడుగున రాతిపొరల్లో దాస్తుంది. లోకానికి వేడి తగ్గుతుందన్నారు. "పులుసట! ఉప్పు సరిపోనాదో నేదో ఎవులైనా సూసినారా?" అని సీతాలు అప్పట్లో అందర్నీ నవ్వించింది. పంపుల హోరు మొదలైనప్పటి నుంచి ఆగింది లేదు. చెవులు దానికి అలవాటు పడిపోయాయి.

రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయేసరికి గెడ్డవీధి ఇళ్ళు పల్లంలో పడిపోయాయి. రోజారమణి ఇంట్లో లోగది ఇంకా లోతు. నేలకు జానెడెత్తున గూట్లో అత్త చిట్టమ్మ పెట్టే దీపం, ఆ పక్కనే చాప మీద నాలుగేళ్ళ కూతురు యశస్విని పడక.

ఈమధ్య సందెదీపం నిలవడం లేదు. నూనె ఉంటుంది, వత్తి ఉంటుంది, గాలి ఆడదు. మంట సన్నబడి సన్నబడి పోతుంది.

"మళ్ళీ కొండెక్కిందా?" అంది చిట్టమ్మ. దీపం ఆరిందని నోటితో అనకూడదు, కొండెక్కిందనాలి. "ఏ మైల కలిపినావే? బయట అనకు. ఆ దీపం నా కొడుకు ఆయుస్సు."

రోజారమణి బయట అనలేదు. పిల్ల పొద్దున్నే తల పట్టుకుని లేస్తున్న సంగతీ అనలేదు. ముట్టురోజులు లెక్కపెట్టుకుంది, గూడు కడిగి పసుపు రాసింది, ముడుపు కట్టింది. దీపం మాత్రం నిలవలేదు.

మేకల సంగతి తేల్చుకుందామని ఆడవాళ్ళంతా అంగన్‌వాడీ అరుగు మీద చేరారు. డబ్బు అడుగుదామని కొందరు, మొగుళ్ళ పనులు పోతాయని కొందరు. మాట మీద మాట పడుతోంది. రోజారమణికి ఎదురుగా నేల మీద ఆడుకుంటున్న యశస్విని కనబడుతోంది.

"మా లోగదిలో దీపం ఆరిపోతంది," అంది.



"ఓలమ్మ, అదేటి మాట! కొండెక్కిందను," అంది ఒక ముసలమ్మ.

"కొండా నేదు, గుట్టా నేదు. నూనుండగా ఆరిపోతంది. పిల్ల తలనొప్పని ఏడుత్తంది."

సీతాలు తల దించుకుంది. "మాయింట్లోనూ ఆరింది. నానేదో పాపం సేసినాననుకున్నాను."

అప్పుడు ఒక్కొక్కరే నోరు విప్పారు. ఒకామె మొగుడికి తాయెత్తు కట్టించింది. ఒకామె కోడలితో మాటలు మానేసింది. ఒకామె శనివారాలు పస్తుంటోంది. ఎవరింటి దోషం వాళ్ళు దాచుకుని, పక్కింటివాళ్ళ ముందు పసుపు మొహాలతో నవ్వుతూ తిరిగారు.

"మెరకవీధిలో ఎవులికైనా ఆరిందేటి?" అడిగింది రోజారమణి. లేదు.

"అయితే మెరకోళ్ళంతా పుణ్యాత్ములు, పల్లపోళ్ళమే పాపిష్టోళ్ళం," అంది సీతాలు. నవ్వులు లేచాయి. లేచినట్టే లేచి ఆగిపోయాయి.

ఆడవాళ్ళంతా వెళ్ళి అడిగితే కంపెనీ వాళ్ళు గాలి కొలిచే మీటరు పట్టుకొచ్చారు. దాన్ని పట్టుకున్న నిఖిత బెజవాడ నుంచి వచ్చిన ఇంజనీరు. రోజారమణి ఇంటి లోగది తలుపులు బార్లా తీసున్నాయి, యారాడ కొండ వైపు నుంచి గాలి కొడుతోంది. గూటి దగ్గర మీటరు పెట్టి ఆ అమ్మాయి చాలాసేపు వంగే ఉంది.

"బొగ్గుపులుసు గాలి ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువుంది. బరువు గాలి కదా, పల్లంలోకి దిగి నిలుస్తుంది. కానీ అది మాదని చెప్పలేం. గెడ్డలో మురుగు కుళ్ళినా, వానకి మట్టి నానినా ఇదే గాలి వస్తుంది."

"మీది కాదని సెప్పగలరా?" అంది రోజారమణి.

"అదీ చెప్పలేమండీ."

"కంపెనీ రాకముందు ఎంతుండేది?"

నిఖిత కొండలరావు వైపు చూసింది. "ఈ వీధిలో ముందు కొలవలేదు."

"లీకని రుజువవలేదు. అంతవరకు మంచాలేసుకుని పడుకోండి," అన్నాడు కొండలరావు.

"ఆ గాలి ఎంతెత్తు లెగుత్తాదో నీకు తెల్సా బాబూ? రుజువయ్యేదాకా దాన్ని ఎవులు పీల్చాల? నీ కూతురా, నా కూతురా?"

అతను మీటరు సర్దమని నిఖితకు సైగ చేశాడు. నిఖితే మెల్లగా అంది: "కొన్నాళ్ళు పంపులు ఆపి కొలిస్తే కొంత తెలుస్తుంది."

"నిన్నెవరు అడిగారమ్మా?" అన్నాడు కొండలరావు.

ఇంట్లో కామరాజు కంచం ముందు కూర్చుని తినలేదు. "పంపాగితే మన పొయ్యాగిపోద్ది. నానొక్కడినా? మా గేంగంతా రోడ్డు మీద పడతాం."

"పొయ్యారితే మళ్ళీ ముట్టించుకుందుం మావా. ఈ పిల్లగుంటని ఏటెట్టి ముట్టిత్తావు?"

అతను లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు ఎండెక్కాక గెడ్డవీధి ఆడవాళ్ళు కంపెనీ గేటుకు బయల్దేరారు. కొంగుల్లో ప్రమిదలు, సీసాల్లో నూనె. గేటు ముందు రోడ్డుకు అడ్డంగా దీపాలు వరస పెట్టి వెనక కూర్చున్నారు. పట్టపగలు దీపాలేమిటని లారీవాళ్ళు హారన్లు కొట్టారు. "పంపులాపి కొలవండి" అన్న ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ లేచింది.

పోలీసులొచ్చారు. ఎస్సై దీపాలు తీసెయ్యమన్నాడు. లేడీ కానిస్టేబుల్ వంగింది, ఆగింది. వెలుగుతున్న దీపాన్ని నోటితో ఎలా ఊదుతుంది? ఆమె ఇంట్లోనూ గూడుంది. మగ కానిస్టేబుళ్ళు ఎటో చూశారు.

కొండలరావు ముందుకొచ్చి బూటుకాలితో మొదటి ప్రమిదను నొక్కాడు. మట్టి పెటిలింది. నూనె తారు మీద పాకింది. గేటు లోపల కంచె పట్టుకుని నిలబడిన కూలీలంతా అది చూశారు. కామరాజు చూశాడు.

"లెగండి, ఎవరు మీకు లీడరు?" అన్నాడు ఎస్సై.

"దీపం ఆరిందని ముందు అన్నదాన్ని నాను," అని రోజారమణి లేచింది. సీతాలు లేచింది. వాళ్ళ వెనక అందరూ లేచారు. వ్యానులో పట్టినంతమందిని ఎక్కించారు.

చిట్టమ్మ అంతవరకు మనవరాల్ని చంకనేసుకుని మెరకన నిలబడే ఉంది. ఇప్పుడు దిగి వచ్చింది. పగిలిన పెంకు ఏరి కొండలరావు ముందు పట్టింది.

"ఇది కొండెక్కలేదురా. నువ్వు ఆర్పినావు."

వ్యాను ఊచల్లోంచి రోజారమణి అత్తనే చూస్తోంది. ఆ ముసలి నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. చిట్టమ్మ కొంగులోంచి ఇంకో ప్రమిద తీసి అక్కడే పెట్టి, పక్క దీపంతో వెలిగించింది.

"నువ్వెల్లు కోడలా. గుంట మెరకన పడుకుంటాది. దీపం నాను సూత్తాను."

వ్యాను కదిలింది. మలుపు దగ్గర రోజారమణి చెవుల్లో ఏదో తేడా. ఏమిటో వెంటనే అందలేదు. సీతాలు ఆమె చెయ్యి పట్టుకుంది. "ఒలే, ఇనబడతందా?"

ఏమీ వినబడటం లేదు. పంపుల హోరు లేదు. గేటు తోసుకుని గేంగు గేంగంతా బయటికి వస్తోంది, ముందు కామరాజు.

సందెవేళ లోగది గూట్లో చిట్టమ్మ దీపం పెడుతుంది. వీధి వీధంతా ఎవరి గూటి ముందు వాళ్ళు తలుపు తీసి కూర్చుంటారు. అది నిలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ఆరితే మాత్రం ఆరిందనే అంటారు, వీధంతా వినబడేలా.