కాసమ్మ వసారాలో మూడు నెలల సినిమా

ఏప్రిల్ నడిమికి చేపల వేట నిషేధం మొదలై మార్కండి ఊళ్ళో పడవలన్నీ ఒడ్డెక్కాయి. రెండు నెలలు సముద్రంలోకి వెళ్ళడానికి లేదు. పైడన్న బరంపురం వెళ్ళి, టీవీకి మూడు నెలల సినిమాల ప్యాక్ వేయించుకుని, పందెం గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

“ఎన్ని సూస్తే అంత లాభమే,” అన్నాడు పెళ్ళాం కాసమ్మతో. “నిద్దరోతే నష్టం.”

ఆ మాట మీదే నిలబడ్డాడు. పొద్దున్న టీ తాగుతూ ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, దీపాలు పెట్టాక ఇంకొకటి. తెలుగువి విసుగొస్తే ఒడియావి, అవీ విసుగొస్తే భాష తెలియనివి. వెనక గదిలో చిరిగిన వలల కుప్ప మాత్రం అంగుళం కదల్లేదు. వలలు బాగుచేసుకోవలసింది ఈ ఖాళీ రోజుల్లోనే. కాసమ్మ గుర్తుచేసినప్పుడల్లా “ఈ ఒక్కటీ అవనీయే” అనేవాడు.

కాసమ్మ వారం ఓర్చుకుంది. ఒక మధ్యాహ్నం టీవీని బల్లతో సహా వసారాలోకి లాగి, వీధి వైపు తిప్పింది.

“ఏటే ఇది?” అన్నాడు పైడన్న గాభరాగా.

“డబ్బులెట్టి కొన్నావు కదా మావా! నువ్వొక్కడివీ సూస్తే ఏటి గిట్టుబాటు? ఈదంతా సూడనీ.”

పాట వినబడగానే ఎదురింటి లక్ష్ముడు వచ్చాడు. వెనకే మరో నలుగురు. అందరూ సర్దుకుని కూర్చున్నాక, కాసమ్మ చిరిగిన వల తెచ్చి వాళ్ళ ఒళ్ళలో పరిచింది. తలో దారపుండా చేతిలో పెట్టింది.

“సినిమాకి టికెట్టు నేదన్నా. సేతులు కాళీగా కనబడితే మాత్తరం టీవీ కట్టేస్తాను.”

నవ్వుతూనే మొదలుపెట్టారు. పైడన్న వలలన్నీ అయిపోయాక లక్ష్ముడు తన వల భుజాన వేసుకొచ్చాడు. తరవాత ఎవరి వలలు వాళ్ళు తెచ్చుకున్నారు. ఏడుపు సీను వస్తే చేతులు ఆగిపోయేవి, కాసమ్మ గద్దించేది. ఫైటు వస్తే ముడులు రాయిలా బిగుసుకునేవి.

ఒకరోజు అలాంటి ఫైటే వచ్చింది. హీరో ఒక్కడు, రౌడీలు ఊరంత. ఒక్కరూ కిందికి చూడలేదు. సినిమా అయ్యాక లక్ష్ముడు లేచి వల లాగితే, దాంతోపాటు పైడన్న కూడా కదిలాడు. అతని లుంగీ చిరుగుని వల చిరుగే అనుకుని, లక్ష్ముడు రెంటినీ కలిపి ముడులు వేసేశాడు.

“నాను సేపలాగ కనబడ్డానేట్రా?” అని అరిచాడు పైడన్న, లుంగీ రెండు చేతులా పట్టుకుని.

కాసమ్మ నవ్వలేక స్తంభానికి చేరబడింది.

“ఉండు బావా, ఎలగేసేనో గుర్తు నేదు,” అన్నాడు లక్ష్ముడు తల గోక్కుంటూ. “ఆ ఫైటు మళ్ళీ ఎట్టండి, గుర్తొస్తాది.”

మళ్ళీ పెట్టారు. అందరూ మళ్ళీ టీవీకేసే చూశారు. చివరికి కాసమ్మే కత్తిపీట తెచ్చింది.

జూన్ నడిమికి నిషేధం తీరి పడవలన్నీ వేటకి వెళ్ళాయి. ప్యాక్ ఇంకా మిగిలే ఉంది. కాసమ్మ వీధిలోని ఆడవాళ్ళని పిలిచి, తమకి కావలసిన సినిమా పెట్టుకుంది. సగం దాటేసరికి పైడన్న బుట్ట నిండా చేపలతో వాకిట్లో నిలబడ్డాడు. ముఖమంతా ఉప్పు, నవ్వు.

“ఇటు సూడే, ఎన్ని పడ్డాయో! వల ఎక్కడా తెగనేదు.”

ఒక్కరూ తల తిప్పలేదు.

“కూకో మావా,” అంది కాసమ్మ కళ్ళు తుడుచుకుంటూ. “ఆ పిల్లకి సెల్లెలు దొరకనీ.”

పైడన్న బుట్ట దించి గుమ్మం పక్కనే చతికిలబడ్డాడు. కాసేపు చూసి, పక్కనున్న ముసలమ్మని మెల్లగా తట్టాడు.

“ఎక్కడ తప్పిపోయిందట?”